62 కిలోలు తగ్గిన స్విఫ్ట్: ఇంటి దగ్గరే చేసిన సస్పెన్షన్ పని, తూకాలతో సహా

నిరుడు సంక్రాంతి వెళ్లాక మా మేనల్లుడు ఒక సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్ కొన్నాడు. 2006 మోడల్, 1298 సీసీ పెట్రోల్ ఇంజన్, 87 హార్స్‌పవర్, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ లేని బండి. వాడికి ఆటోక్రాస్ అంటే ప్రాణం. కోన్లు పేర్చి, వాటి మధ్య నుంచి ఎవరు తక్కువ టైములో బయటపడతారో చూసే పోటీ అది. మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద ఒక రోజు నడపాలని కూడా వాడి కోరిక. "ఇంజన్ జోలికి పోవద్దు మావయ్యా. బరువు తగ్గించి, స్ప్రింగులు మార్చి కిందికి దించేద్దాం. రెండు ఆదివారాల పని" అన్నాడు. పదకొండు ఆదివారాలు పట్టింది.

నేను విజయవాడలో డిప్లొమా పిల్లలకు ఆటోమొబైల్ వర్క్‌షాప్ చెప్తాను. పని మొత్తం మా ఇంటి పోర్టికోలోనే జరిగింది. లేత్ పని ఒక్కటే ఆటోనగర్‌లో చేయించాం. ఏం తీశాం, ఎక్కడ తప్పు చేశాం, ఏది తిరిగి పెట్టాం అన్నది తూకాలతో సహా రాస్తున్నాను. ఇలాంటి పని మొదలుపెట్టే కుర్రాళ్లు చాలామంది ఒక్క అంకె కూడా రాసుకోకుండానే స్పానర్ పట్టుకుంటారు. మేం తిన్న దెబ్బలన్నీ ఎక్కడో ఒక అంకె చూసుకోకపోవడం వల్ల తిన్నవే.

ముందు కాటా

మొదటి ఆదివారం ఒక్క బోల్టు కూడా విప్పలేదు. బండిని ఆటోనగర్ వేబ్రిడ్జి ఎక్కించాం. 1040 కిలోలు చూపించింది. లారీల కాటా కాబట్టి పదేసి కిలోల్లోనే చెప్తుంది. మొత్తం ఎంతో తెలిసింది కానీ మాకు కావలసింది ఏ చక్రం మీద ఎంత బరువుందన్నది.

దానికి ఇంట్లో ఒక ఉపాయం ఉంది. మనం నిలబడి బరువు చూసుకునే మిషను 150 కిలోల వరకే చూపిస్తుంది. స్విఫ్ట్ ముందు చక్రం మీద 300 కిలోలకు పైనే ఉంటుంది. అందుకని మందపాటి టేకు చెక్క ఒకటి తీసుకుని ఒక కొస కింద ఇనప పైపు, రెండో కొస కింద తూకం మిషను పెట్టాం. రెంటి మధ్య దూరం 90 సెంటీమీటర్లు. చక్రం పైపు నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర నిలబడితే అందులో మూడో వంతు బరువే మిషను మీద పడుతుంది. వచ్చిన అంకెను మూడుతో గుణిస్తే సరి. చెక్క బరువు ముందే తీసేయాలి. మిగతా మూడు చక్రాల కిందా అదే ఎత్తులో చెక్కలు ఉండాలి, లేకపోతే బరువు ఒక పక్కకు ఒరిగి లెక్క తప్పుతుంది. ప్రతి తూకానికీ పెట్రోలు ఒకే మట్టంలో ఉంచాం. ఈ బండి ట్యాంకు 43 లీటర్లు. నిండుగా ఉంటే పెట్రోలే దాదాపు 32 కిలోలు, అది మరిచిపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

ముందు ఎడమ 326, ముందు కుడి 318, వెనక ఎడమ 201, వెనక కుడి 197. మొత్తం 1042. వేబ్రిడ్జి చెప్పినదానికి సరిపోయింది. బరువులో 61.8 శాతం ముందు ఇరుసు మీదే ఉంది.

ఎత్తులు కూడా రాసుకున్నాం. నేల నుంచి కాదు, చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు దాకా. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి మారినప్పుడల్లా అంకె మారుతుంది.

103 కిలోలు విప్పేశాం

పాత ఓనరు పెట్టించుకున్నవే ముందు తీశాం. ముందు బంపర్ గార్డు 14 కిలోలు, వెనకది 8. డిక్కీలో పాటల కోసం పెట్టించిన ఊఫర్ పెట్టె, ఆంప్లిఫయరు కలిపి 19. ఈ గార్డులు బరువు ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన ముందు భాగాన్ని పక్కన పెట్టి, దెబ్బను నేరుగా చాసీకి అందిస్తాయి. కాలినడకన వెళ్లేవాళ్లకైతే మరీ ప్రమాదం. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది కూడా. మా పని చేసినా చేయకపోయినా తీయాల్సినవే.

తర్వాత స్టెప్నీ, జాకీ, పనిముట్లు కలిపి 17. వెనక సీటు మొత్తం 24. డిక్కీ మీది అట్ట 2. కింద పరిచిన కార్పెట్, దాని అడుగున ఉన్న ఫెల్ట్ 8. మందపాటి రెగ్జిన్ సీటు కవర్లు, సీట్ల కింద ఏళ్ల తరబడి పేరుకున్న సామాను 6. చివరిగా ఫ్లోరు రేకుకు అతికించి ఉండే తారు షీట్లు 5.

ఈ తారు షీట్ల గురించి కొంచెం చెప్పాలి. రేకు మోగకుండా కంపెనీవాళ్లు అతికిస్తారు వీటిని. బెజవాడలో ఫిబ్రవరి మధ్యాహ్నానికే అవి మెత్తబడి, ఉలి పెడితే బంకలా సాగాయి. మంచు ఫ్యాక్టరీ నుంచి ఐసు తెచ్చి, పొడి కొట్టి, రాళ్ల ఉప్పు కలిపి పాలిథిన్ సంచుల్లో కట్టి షీట్ల మీద పరిచాం. ఉప్పు కలిస్తే ఐసు సున్నా డిగ్రీల కన్నా బాగా కిందికి పోతుంది. పది నిమిషాల్లో తారు గాజులా పెళుసెక్కింది, సుత్తితో తడితే పెంకుల్లా లేచింది. ఉప్పు నీళ్లు ఒక్క చుక్క కూడా రేకుకు తగలకూడదు. తగిలితే తుప్పు ఖాయం. ఊడగొట్టాక రేకు తుడిచి, ఆరబెట్టి, ప్రైమరు వేశాం.

కానీ మళ్లీ ఇలాంటి బండి వస్తే తారు షీట్ల జోలికి పోను. రెండు ఆదివారాల శ్రమకు 5 కిలోలు దక్కాయి. మే నెలలో సైలెన్సరు వేడికి కాళ్ల కింద రేకు చెప్పుల్లోంచి కూడా తెలిసేది. ఇద్దరం మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాల్సి వచ్చేది. ఐదు కిలోల కోసం ఇంత అవసరం లేదు.

తలుపుల్లోని ఇనప దూలాలు, బంపరు వెనక ఉండే బీము, సీటు బెల్టు బిగించే చోట్లు ముట్టుకోలేదు, ఎక్కడా రేకు కోయలేదు. మేనల్లుడు వీడియోలు చూసి తలుపు దూలం సంగతి ఎత్తాడు. నేను మాట పూర్తి చేయనివ్వలేదు. ప్రాణం కాపాడటానికి పెట్టిన ఇనుము అది.

చక్రాల విషయంలో ఒక మాట. అల్లాయ్ చక్రాలు అనగానే తేలిక అనుకుంటారు. పాత ఓనరు బండితో పాటు ఇచ్చిన 15 అంగుళాల అల్లాయ్ చక్రాన్ని, కంపెనీ 14 అంగుళాల ఇనప చక్రాన్ని టైర్లు లేకుండా పక్కపక్కనే తూచాం. అల్లాయ్ 8.9, ఇనప చక్రం 6.8. స్ప్రింగుకు కింద ఉండే బరువు ఒక్కో చక్రానికి రెండు కిలోలు పెరిగితే గతుకుల మీద చక్రం నేలను అంటిపెట్టుకుని ఉండటం కష్టమవుతుంది. అల్లాయ్‌లు అమ్మేశాం.

మొత్తం 103 కిలోలు దిగింది. మళ్లీ చెక్కలెక్కించి తూస్తే ముందు ఇరుసు మీద 619, వెనక 320. మొత్తం 939. మేనల్లుడు ఆ 939 చూసి సంతోషపడ్డాడు. నేను 320 దగ్గర ఆగిపోయాను. తగ్గిన 103లో 78 కిలోలు వెనక నుంచే పోయాయి. ముందు భాగం వాటా 65.9 శాతానికి ఎక్కింది. బండి తేలికైంది నిజమే, కానీ మునుపటి కంటే ఇంకా ముక్కు బరువైంది.

తేలికైతే స్ప్రింగు గట్టిపడుతుంది

బరువు తీశాక వెనక భాగం 22 మి.మీ. లేచింది, ముందు 7 మి.మీ. చూడ్డానికి తోక ఎత్తిన బాతులా ఉంది. చూపు సంగతి ఎలా ఉన్నా, లోపల జరిగింది వేరే. వెనక ఒక్కో స్ప్రింగు ఎంత గట్టిదో తెలుసుకోవడానికి రెండు సిమెంటు బస్తాలు, అంటే వంద కిలోలు, డిక్కీలో సరిగ్గా ఇరుసు మీదకు వచ్చేలా పెట్టాం. బండి 28 మి.మీ. దిగింది. ఒక్కో పక్క 50 కిలోలకు 28 మి.మీ. అంటే చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు దాదాపు 17.5 న్యూటన్లు.

ఆ స్ప్రింగు మీద చక్రం, ఇరుసు పోను ఇదివరకు సుమారు 169 కిలోల బాడీ బరువు ఉండేది. అప్పుడు అది సెకనుకు 1.6 సార్లు ఊగేది. ఇప్పుడు 130 కిలోలే ఉంది కాబట్టి 1.85 సార్లు ఊగుతుంది. స్ప్రింగు అదే, కానీ బండికి అది ఇప్పుడు గట్టి స్ప్రింగు. షాక్ అబ్జార్బరు ఆ పాత ఊపుకు సరిపడా చేసినదే. ఇంకా గట్టి స్ప్రింగు వేయకముందే వెనక సస్పెన్షన్ బిగుసుకుపోయింది. బరువు తగ్గించిన చాలా బండ్లు గతుకుల మీద వెనక ఎగిరెగిరి పడటానికి కారణం ఇదే. జనం షాక్స్ పోయాయనుకుని వాటిని మారుస్తారు.

స్ప్రింగులు కొనేముందు ఆటోనగర్‌లో ఒక మెకానిక్ సలహా చెప్పాడు. "మాస్టారూ, డబ్బులెందుకు దండగ? ఒకటిన్నర చుట్టు గ్యాస్‌తో కొట్టేద్దాం. పావుగంట పని." మంచి మనసుతోనే చెప్పాడు. కానీ గ్యాస్ మంట తగిలిన చోట స్ప్రింగు పదును పోతుంది, కొన్నాళ్లకు అక్కడే కూలబడటమో విరగడమో జరుగుతుంది. పైగా స్ప్రింగు కొస గిన్నెలో కూర్చోవడానికి ప్రత్యేకంగా వంచి ఉంటుంది. దాన్ని కొట్టేస్తే చక్రం గాలిలోకి వేలాడినప్పుడు స్ప్రింగు వదులై చోటు తప్పుతుంది. వద్దన్నాను.

బజారులో బండి ఎత్తు 40 మి.మీ. తగ్గించే స్ప్రింగుల సెట్టు తీసుకున్నాం. తీగ మందం కొలిస్తే ముందు స్ప్రింగు కంపెనీది 11 మి.మీ., దీనిది 12. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మిగతావన్నీ సమానమైతే ఆ ఒక్క మిల్లీమీటరుకే దాదాపు 42 శాతం ఎక్కువ. చుట్లు కొంచెం ఎక్కువ ఉండటం వల్ల లెక్కలో మిల్లీమీటరుకు 18 న్యూటన్ల నుంచి 23కు పెరిగినట్టు తేలింది.

స్ట్రట్ (ముందు చక్రం దగ్గర షాక్, స్ప్రింగు కలిసి ఉండే కంబం) మీద నుంచి స్ప్రింగు విప్పేటప్పుడు జాగ్రత్త. నొక్కి ఉన్న కాయిల్ స్ప్రింగు జారితే చేయి పోతుంది, తల పోతుంది. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ కొక్కేలు రెండూ సరిగ్గా ఎదురెదురుగా పట్టించి, చెరో పక్కా రెండు మరలు చొప్పున బిగిస్తూ పోవాలి. మేం పై నుంచి ఒక గొలుసు కూడా చుట్టాం. పైన నట్టు విప్పేటప్పుడు ముఖం దాని ఎదురుగా ఉంచకూడదు. పిల్లల్ని ఆ పూట మా చెల్లెలి ఇంటికి పంపించేశాం. పోర్టికోలో గ్రానైట్ పలకలు కాబట్టి జాకీ స్టాండ్ల కింద ప్లైవుడ్ ముక్కలు వేశాం. నున్నటి పలక మీద స్టాండు జారుతుంది, బరువంతా ఒకే చోట పడి పలక పగలనూ వచ్చు.

సగంలో చచ్చుబడిపోయిన స్టీరింగు

గన్నవరం వైపు ఒక కొత్త వెంచరులో రోడ్లు వేసి ఉన్నాయి, ఇళ్లు ఇంకా లేవు. ఓనరు పర్మిషను తీసుకుని, రెండు కొసలా తాడు కట్టి, కోన్లు పేర్చాం. బండి కొన్న వారం అదే చోట మేనల్లుడి టైము 14.6 సెకన్లు. ఇప్పుడు 103 కిలోలు తగ్గి, 34 మి.మీ. దిగి, గట్టి స్ప్రింగులతో వచ్చిన టైము 14.5.

వాడి ముఖం చూడలేకపోయాను. నాకూ టెన్షన్‌గానే ఉంది. "మావయ్యా, బ్రేకు కొట్టి తిప్పినప్పుడు మొదట బాగా తిరుగుతుంది, సగంలో స్టీరింగు చచ్చుబడిపోతుంది. బండి నేరుగా పోతుంది" అన్నాడు. వాడు చెప్పిన ఆ 'సగంలో' అన్న మాటే దారి చూపింది. స్ప్రింగు మెత్తగానో గట్టిగానో ఉంటే మొదటి నుంచీ తెలుస్తుంది. సగంలో మారిందంటే ఏదో తగులుతోంది.

ముందు స్ట్రట్ రాడ్డు మీద ఉండే రబ్బరు తొడుగు పైకెత్తి కట్టి, రాడ్డుకు ఒక కేబుల్ టై బిగించాం, షాక్ గొట్టం నోటికి ఆనేలా. చక్రం పైకి లేచినప్పుడల్లా గొట్టం టైను పైకి నెడుతుంది, దిగాక టై అక్కడే ఉండిపోతుంది. అంటే ఎంత దూరం నొక్కుకుందో గుర్తు మిగిలిపోతుంది. ఖర్చు రెండు రూపాయలు. ఒక రౌండు వేసి వచ్చి చూస్తే రెండు పక్కలా టై బంప్ స్టాప్ రబ్బరులో, అంటే సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు అడ్డుండే రబ్బరులో, దూరిపోయి ఉంది.

లెక్క అప్పుడు వేశాను. ముందే వేయాల్సింది. కంపెనీ ఎత్తులో షాక్ గొట్టానికీ బంప్ స్టాపుకూ మధ్య 58 మి.మీ. ఖాళీ ఉంది. బండిని 34 దించాక మిగిలింది 24. గట్టిగా బ్రేకు కొడితే, బండి బరువు కేంద్రం నేలకు అర మీటరు పైన ఉందనుకుంటే, ఒక్కో ముందు చక్రం మీద సుమారు 90 కిలోల బరువు అదనంగా పడుతుంది. పాత స్ప్రింగు దానికి 49 మి.మీ. దిగుతుంది, 58 ఖాళీలో ఇబ్బంది లేదు. కొత్త స్ప్రింగు 38 దిగుతుంది. ఉన్నది 24. మిగతా 14 మి.మీ. ఎక్కడికి పోవాలి? రబ్బరు మీదకు. రబ్బరు తాకిన క్షణంలో ముందు సస్పెన్షన్ రాయిలా మారుతుంది, టైరు పట్టు జారుతుంది. ఎత్తు తగ్గించడానికి ఇచ్చిన ఖరీదు ఈ ఖాళీయే.

ఇక్కడ మేం ఇంకో తప్పు చేశాం. మార్కెట్లో స్ట్రట్ పై కప్పుకూ బాడీకీ మధ్య పెట్టే స్పేసర్లు దొరుకుతాయి. గ్రౌండ్ క్లియరెన్స్ పెంచుకోవడానికి చాలామంది వేయించుకుంటారు. 15 మి.మీ.వి తెచ్చి వేశాం. బండి 15 లేచింది. కోన్ల దగ్గర ఏమీ మారలేదు. టై మళ్లీ రబ్బరులోనే ఉంది. స్పేసరు పైన పెడితే స్ట్రట్ మొత్తం, బంప్ స్టాపుతో సహా, బాడీ నుంచి కిందికి జరుగుతుంది. బాడీ లేస్తుంది, కానీ షాక్ లోపల ఖాళీ అదే 24. స్పేసరు ఉండాల్సింది స్ప్రింగుకూ దాని గిన్నెకూ మధ్య. అప్పుడే గొట్టం రాడ్డు మీద కిందికి దిగి ఖాళీ పెరుగుతుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా బండిని ఎత్తుతాయి, లోపల చేసే పని పూర్తిగా వేరు. స్పేసరు వేయించుకునేవాళ్లు ఈ తేడా అడిగి తెలుసుకోవాలి.

ఆటోనగర్‌లో నాకు చాలా ఏళ్లుగా తెలిసిన లేత్ పెద్దాయన ఉన్నారు. కాగితం మీద గీసి తీసుకెళ్లాను. అల్యూమినియం దిమ్మ నుంచి 14 మి.మీ. మందం రింగులు, స్ప్రింగు పక్కకు జరగకుండా లోపలి వైపు ఒక చిన్న గట్టుతో. ఆయన గీత చూసి, "ఈ మూల ఇలా పదునుగా వదిలితే అక్కడే పగులుతుంది బాబూ, గుండ్రంగా తిప్పుతాను" అన్నారు. నేను గీసినదాని కంటే మంచి ముక్క చేసిచ్చారు.

పై స్పేసర్లు తీసేసి ఈ రింగులు స్ప్రింగు దగ్గర వేశాక ఖాళీ 38 అయింది. టై ఇప్పుడు రబ్బరుకు తాకీ తాకనట్టు ఆగింది. టైము 13.9. ఏడు వారాల్లో మేం ఇంటికి నవ్వుతూ వచ్చిన మొదటి ఆదివారం అది.

తడి రోడ్డు మీద

బ్రేకులు చూడకుండా ట్రాక్‌కు పంపనన్నాను. తొమ్మిదో ఆదివారం అదే వెంచరుకు వాటర్ ట్యాంకరు తెప్పించి రోడ్డు తడిపాం. వాడు హెల్మెట్, బెల్టు పెట్టుకుని 50 కి.మీ. వేగంలో వచ్చి బ్రేకు కొట్టాలి. నేను బాగా పక్కన నిలబడి ఫోనులో స్లో మోషన్ తీస్తున్నాను. రెండుసార్లు బాగానే ఆగింది. మూడోసారి కొంచెం గట్టిగా తొక్కాడు. వెనక భాగం పక్కకు వచ్చేసి బండి సగం చుట్టు తిరిగి, వచ్చిన దారి వైపు ముఖం పెట్టి ఆగింది.

చుట్టూ ఏమీ లేదు కాబట్టి ఏమీ కాలేదు. వాడు దిగి కాసేపు మాట్లాడలేదు. నాకు చేతులు వణికాయి. అదే హైవే మీద వానలో, ఎదురుగా లారీ ఉండి ఉంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వీడియోలో స్పష్టంగా ఉంది. వెనక చక్రాలు ముందుగా ఆగిపోయాయి, ముందు చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తిరగడం ఆగిన చక్రానికి బండిని సరళరేఖలో పట్టి ఉంచే శక్తి ఉండదు. ముందు బ్రేకు ఎంత, వెనక బ్రేకు ఎంత పట్టాలన్నది కంపెనీవాళ్లు వెనక సీటు, స్టెప్నీ ఉన్న బండికి లెక్కవేసి పెడతారు. మేం వెనక ఇరుసు నుంచి 78 కిలోలు తీసేశాం. బ్రేకు కొట్టినప్పుడు ఉన్న బరువు కూడా ముందుకు పోతుంది. వెనక టైర్లు నేల మీద ఆనీ ఆననట్టు ఉన్నాయి, వెనక బ్రేకు డ్రమ్ములు మాత్రం ఎప్పటిలాగే బిగిశాయి.

వెనక బ్రేకు ప్రెజరు తగ్గించే వాల్వు వేద్దామన్నాడు మేనల్లుడు. రేసుల్లో అది మామూలే. కానీ ఇది వాళ్లమ్మను గుడికి తీసుకెళ్లే బండి కూడా. ఐదుగురు ఎక్కినప్పుడు వెనక బ్రేకు పూర్తిగా కావాలి. ఎప్పుడు ఎంత తిప్పాలో గుర్తుపెట్టుకునే పని బ్రేకుల దగ్గర పెట్టకూడదు. అందుకే సీటు, స్టెప్నీ, జాకీ తిరిగి ఎక్కించాం. 41 కిలోలు. వెనక ఇరుసు మీద 359 వచ్చింది. వెనక డ్రమ్ములు విప్పి చూస్తే ఎడమ పక్క లైనర్లు సరిగ్గా అడ్జస్ట్ అయి లేవు, అదీ సరిచేశాం. మళ్లీ తడి రోడ్డు మీద పదిహేను సార్లు ఆపించాను. ప్రతిసారీ ముందు చక్రాలే ముందు ఆగాయి, బండి సూటిగా నిలిచింది.

చట్టం కూడా ఇక్కడే గుర్తు చేయాలి. ఆర్‌సీలో ఐదు సీట్లని ఉన్న బండిలో సీటు పీకేసి రోడ్డెక్కడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. స్ప్రింగుల సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేశాం.

బిగింపు, దారం కొలతలు

బరువు తిరిగి ఎక్కాక వెనక భాగం పాత ఎత్తు కంటే 31 మి.మీ. కిందికి వచ్చింది, ముందు 20. ఈ బండిలో వెనక స్ప్రింగు, షాక్ వేరువేరుగా ఉంటాయి కాబట్టి పని తేలిక. లేత్ పెద్దాయన దగ్గరే 12 మి.మీ. రింగులు చేయించి స్ప్రింగు పైన వేశాం. వెనక 19, ముందు 20. బండి సమంగా కూర్చుంది. అన్ని షాక్‌లూ కంపెనీవే కొత్తవి వేశాం. స్ప్రింగు గట్టిపడినా బరువు తగ్గింది కాబట్టి కావలసిన అదనపు అదుపు పది శాతమే. ఖరీదైన సెట్టు అక్కర్లేదనిపించింది.

ఇంటి దగ్గర పని చేసేవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్షు (కీలు దగ్గరి రబ్బరు గొట్టం) బోల్టును బండి గాల్లో ఉండగానే పూర్తిగా బిగించేస్తారు. బుష్షులోని రబ్బరు రెండు గొట్టాలకూ అంటుకుని ఉంటుంది, అది జారదు, మెలిపడుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే బండి కిందికి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. బండి అసలు ఎత్తుకు దిగదు, బుష్షు ఆరు నెలల్లో చిరిగిపోతుంది. మొదటిసారి మేమూ అలాగే బిగించాం, ఒక పక్క 6 మి.మీ. ఎత్తుగా కనిపిస్తే అప్పుడు గుర్తొచ్చింది. చక్రాలు చెక్కల మీద ఆనించి, బండి బరువు పూర్తిగా పడ్డాక బోల్టు వదులు చేసి మళ్లీ బిగించాలి. వెనక చక్రాలను కలిపే బీము బుష్షులకూ అంతే. చక్రాల నట్లు టార్క్ రెంచితో 85 న్యూటన్ మీటర్లు.

అలైన్‌మెంటు దారంతో చూశాం. నాలుగు స్టాండ్లు, రెండు నైలాన్ దారాలు, బండికి రెండు పక్కలా సమాంతరంగా. రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి దూరాలు కొలిస్తే చక్రం ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది. దించడం వల్ల ముందు చక్రాలు 4 మి.మీ. బయటికి తెరుచుకుని ఉన్నాయి. స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్లు తిప్పి సున్నాకు తెచ్చాం. తర్వాత షాపులో లేజరు మీద చూపిస్తే అర మిల్లీమీటరు తేడా వచ్చింది.

ఆఖరి తూకం 980 కిలోలు. ముందు 621, వెనక 359. మొదటి రోజుకంటే 62 కిలోలు తక్కువ. అందులో 41 కిలోలు రెండు గార్డులు, పాటల పెట్టే. కోన్ల మధ్య టైము 13.9, అంటే 41 కిలోలు తిరిగి ఎక్కించినా ఒక్క పదో వంతు సెకను కూడా పోలేదు.

జులైలో ఇద్దరం ఆ బండిలోనే ఇరుంగట్టుకోట్టై వెళ్లాం. విజయవాడ నుంచి దాదాపు 450 కిలోమీటర్లు, స్టెప్నీ డిక్కీలోనే ఉంది. ట్రాక్ రోజున ఉదయం మూడు సెషన్లు వాడు నడిపాడు. ప్రతి సెషన్ తర్వాత నేను తొడుగు ఎత్తి టై చూసి పుస్తకంలో రాసుకున్నాను. కుడి పక్క బంప్ స్టాపుకు 4 మి.మీ. ఇవతల, ఎడమ పక్క 2 మి.మీ. ఇవతల ఆగింది. ఎడమకు ఎందుకు ఎక్కువ నొక్కుకుందో మొదట తెలియలేదు. ఆలోచిస్తే, ఆ ట్రాక్‌ను కుడి చేతి వైపు తిరుగుతూ నడుపుతారు, బరువు ఎడమ పక్కకే ఎక్కువసేపు పడుతుంది. మధ్యాహ్నం సెషన్‌కు ఎడమ ముందు టైరులో గాలి ఒక పాయింటు పెంచాం. వెనక బుష్షులు పాతవే ఉన్నాయి. సంక్రాంతి సెలవుల్లో మార్చాలని కొత్తవి తెచ్చి పెట్టాను.